తియావు ఒడ్డున పిడికెడు బియ్యం

బుధవారం – లెంగ్‌పుయ్, సైరాంగ్

లెంగ్‌పుయ్ విమానాశ్రయంలో దిగాక సామాను సంగతి తర్వాత, ముందు ఇన్నర్ లైన్ పర్మిట్ రాయించుకోవాలి. 1873లో తెల్లవాళ్ళు పెట్టిన నిబంధన ఇప్పటికీ నడుస్తోంది. మిజోరం మన దేశమే అయినా బయటి రాష్ట్రాల వాళ్ళు కాగితం లేకుండా అడుగు పెట్టకూడదు. ఫారంలో ‘వచ్చిన పని’ అన్న గడి దగ్గర బాబాయి కలం ఆగిపోయింది.

“పరిచర్య అని రాయాలా, చుట్టపుచూపు అని రాయాలా?”

“స్నేహితుణ్ణి చూడటానికి అని రాయండి బాబాయ్. అదీ నిజమేగా.”

బాబాయి డోర్నకల్ అధ్యక్ష మండలంలో పాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఇప్పటికీ అందరికీ అయ్యగారే. బెంగళూరులో వేదాంత విద్య చదివినప్పటి సహాధ్యాయి ఒకాయన చంఫాయ్‌లో పాస్టరు. బర్మాలో సైనిక కుట్ర జరిగి జనం ఇటు రావడం మొదలైనప్పటి నుంచీ ‘ఒకసారి వచ్చి చూసి వెళ్ళు’ అని ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఈలోగా మా ఊరి స్త్రీల సమాజం వాళ్ళు ఆ శరణార్థులకు ఏదైనా పంపుదామని తీర్మానించారు. చూడకుండా పైసా పంపేది లేదన్నాడు బాబాయి. పండక్కి తప్ప చర్చి మొహం చూడని నన్ను తోడు రమ్మన్నాడు. ‘నువ్వు రాస్తావు కదా, లెక్క నీ దగ్గరుంటుంది’ అన్నాడు కానీ, అసలు కారణం ఆ కొండ దారుల్లో ఒంటరిగా పోవాలంటే భయం.

టాక్సీ కొండ దిగి త్లాంగ్ నది ఒడ్డున సైరాంగ్ చేరింది. 1894 జనవరి 11న లోరేన్, సావిడ్జ్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు పడవలో వచ్చి దిగింది ఇక్కడే. నాలుగేళ్ళు తిరక్కుండానే వాళ్ళు వెళ్ళిపోవలసి వచ్చింది. కానీ ఆ కొద్ది కాలంలోనే మిజో భాషకు రోమన్ అక్షరాలతో లిపి కట్టి, నిఘంటువు, సువార్త గ్రంథాలు సిద్ధం చేశారు. జనవరి 11 ఇప్పుడు రాష్ట్రమంతటా సెలవు. ఇదే సైరాంగ్‌కు 2025 సెప్టెంబరులో రైలు కూడా వచ్చింది. బైరబీ నుంచి 51 కిలోమీటర్ల దారిలో నలభైకి పైగా సొరంగాలున్నాయి. “పడవ మీద వచ్చినవాళ్ళు అక్షరాలు తెచ్చారు, రైలు ఏం తెస్తుందో” అన్నాడు బాబాయి. “ఉల్లిపాయల ధర తగ్గుతుంది సార్” అన్నాడు డ్రైవరు హిందీలో, చాలా గంభీరంగా.

ఐజ్వాల్‌లో ట్రాఫిక్ నిలిచిపోయి అరగంటయినా ఒక్క హారన్ వినపడలేదు. కార్లన్నీ ఎడమ వరసలో, స్కూటర్లన్నీ కుడి వరసలో, ఎవరి వరసలో వాళ్ళు. విజయవాడ బెంజ్ సర్కిల్ తెలిసిన మనిషికి ఇది కాస్త కంగారు పుట్టించే దృశ్యమే.

గురువారం – ఐజ్వాల్

పొద్దున మిషన్ వెంగ్ వెళ్ళాం. వెంగ్ అంటే పేట. ప్రెస్బిటేరియన్ శాఖ క్రైస్తవ సంఘానికి పాత కేంద్రం ఇది. 1897లో వేల్స్ నుంచి వచ్చిన డి.ఇ. జోన్స్ ఇక్కడ వేళ్ళూనాడు. దక్షిణాన లుంగ్లే వైపు బాప్టిస్టులు. రాష్ట్ర జనాభాలో 87 శాతం క్రైస్తవులే కాబట్టి ఇక్కడ చర్చి అంటే ఆదివారం వ్యవహారం మాత్రమే కాదు, సగం ప్రభుత్వం లాంటిది. ఆ మాటను నేను మెచ్చుకోలుగా అనడం లేదు, విమర్శగానూ అనడం లేదు. మద్యనిషేధం మీద చర్చి గొంతు ఎంత గట్టిగా వినపడుతుందో, బడులు, ఆసుపత్రుల్లో దాని చెయ్యి అంత పొడవు.

మమ్మల్ని ఇంటికి భోజనానికి పిలిచిన పెద్దావిడ స్త్రీల సమాఖ్యలో చాన్నాళ్ళు కోశాధికారిగా ఉన్నారట. మిజోలు పెద్దవాళ్ళ పేరుకు ముందు మగవారికి ‘పు’, ఆడవారికి ‘పి’ చేరుస్తారు. బాబాయి మాత్రం ఆవిణ్ణి మొదటి నిమిషం నుంచీ ‘అమ్మగారూ’ అనే పిలిచాడు. ఆవిడ అన్నం కోసం బియ్యం కొలిచి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేశారు. అటు చూడను కూడా చూడలేదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది.

దాన్ని బుహ్‌ఫాయ్ థమ్ అంటారు. వండిన ప్రతిపూటా ఇంటి ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం దేవుడి పేర తీసి పెడుతుంది. వారానికోసారి పేటలోని ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తారు. ఆ బియ్యం అమ్మితే వచ్చిన డబ్బు సంఘానికి వెళుతుంది. 1910లో చిన్నగా మొదలైంది. నేడు రాష్ట్రమంతా కలిపి ఏటా కోట్ల రూపాయలు. ప్రెస్బిటేరియన్ సినడ్, అంటే సంఘ పాలక సభ, దేశమంతా పంపే మిషనరీల జీతాల్లో పెద్ద భాగం ఈ పిడికిళ్ళదే. తిండి కొరత ఏళ్ళలో కూడా ఆగలేదని ఆవిడ చెప్పారు. పిడికిలి కాస్త చిన్నదయ్యేదట, అంతే.

బాబాయి డబ్బా మూత తీసి లోపలికి చూసి నవ్వాడు. మా వైపూ ఇది ఉంది. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య కాలంలో పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు ఇలాగే పిడికెడు బియ్యం తీసేవారు. అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. తిరునెల్వేలి నుంచి తెలుగు నేలకు వచ్చిన తమిళుడు. ఇక్కడి సంఘం ఇక్కడి మనుషుల డబ్బుతో, ఇక్కడి మనుషుల చేతుల మీదుగానే నడవాలన్నది ఆయన పట్టు. మా నానమ్మ కుండ నాకు గుర్తుంది, మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి అది నెలవారీ కవరుగా మారింది. ఇప్పుడు ఫోన్‌పే. ఫోన్‌పేని తప్పుపట్టడం లేదు కానీ, రోజుకు రెండుసార్లు గుర్తుచేసే గుణం దానికి లేదు.

భోజనంలో పంది మాంసం, ఉడికించిన ఆకుకూరలు, ఘాటైన పచ్చిమిరప చట్నీ. ఒక పులుసు నోట్లో పెట్టుకోగానే బాబాయి తల ఎత్తాడు. గోంగూర! ఇక్కడ ఆంథుర్ అంటారట. తాలింపు లేదు, నూనె లేదు, అయినా గోంగూరే. బర్మా వాళ్ళూ ఇదే ఆకును వేళ్ళు నాకేంత ఇష్టంగా తింటారని ఆవిడ చెప్పారు. శాస్త్రోక్తంగా మేము మూడుసార్లు వేయించుకున్నాం.

శుక్రవారం – చంఫాయ్ దారి

సుమోలో తెల్లారకముందే బయల్దేరాం. చంఫాయ్‌కి సుమారు 190 కిలోమీటర్లు. మైదానంలో మూడున్నర గంటల దూరం, ఇక్కడ పొద్దంతా. దారి గురించి ఎక్కువ చెప్పను, మలుపులు లెక్కపెట్టడం కంటే కళ్ళు మూసుకోవడమే మేలనిపించింది.

సెలింగ్ దగ్గర మాత్రం ఆపించాను. రోడ్డు పక్కన వెదురు గుడిసెల్లో కూరగాయలు, పండ్లు, సీసాల్లో రసాలు. మీద ధర రాసిన అట్టముక్క, పక్కన డబ్బుల డబ్బా, మనిషి మాత్రం లేడు. యజమాని పొలంలో ఉంటాడు. కావలసింది తీసుకుని డబ్బులు వేసి, చిల్లర కావాలంటే మనమే తీసుకోవాలి. బాబాయి అరటిపళ్ళు తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టి డబ్బు వేశాడు. చూసేవాడు లేనిచోట మనిషి ఇంత జాగ్రత్తగా ఉండటం ఆయనలో నేను మునుపు చూడలేదు.

ఖౌజోల్ దాటాక కొండలు పక్కకు తప్పుకుని ఒక్కసారిగా మాగాణి పరుచుకుంది. చంఫాయ్ లోయ. మిజోరంలో సమతలంగా ఇంత వరిపొలం ఇంకెక్కడా కనపడదు. కోతలయిపోయాయి, కుప్పలున్నాయి. పాస్టరు గారు సుమో స్టాండులో నిలబడి ఉన్నారు. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఇంగ్లీషులో ఒకరి జుట్టు గురించి ఒకరు ఎగతాళి చేసుకున్నారు. ఇద్దరికీ లేదు మరి.

శనివారం – జొఖౌతర్

చంఫాయ్ నుంచి సరిహద్దు 27 కిలోమీటర్లు. దారిలో అస్సాం రైఫిల్స్ తనిఖీ. ఈ దారిన మనుషులే కాదు, వక్కలు, విదేశీ సిగరెట్లు, హెరాయిన్ కూడా వస్తాయి. ‘మా ఊరి పేరు పేపర్లో వచ్చేది ఆ మత్తుమందు పట్టుబడినప్పుడే’ అని పాస్టరు గారు వాపోయారు.

జొఖౌతర్ చివర తియావు నది. నది అని పేరే గానీ చలికాలంలో మా మున్నేరు కంటే చిన్నది. ప్యాంటు మడిచి దాటేయొచ్చు. మధ్యలో వంతెన. అవతలి ఊరు రిఖౌదార్, బర్మాలోని చిన్ రాష్ట్రం. ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ ఒకే జాతి జనం. భాషల్లో యాసల తేడా, పెళ్ళిళ్ళు పేరంటాలు ఉమ్మడి. అవతల కొద్ది దూరంలో రిహ్ దిల్ అనే చెరువుంది. చనిపోయిన వాళ్ళ ఆత్మలు ఆ చెరువు మీదుగానే పరలోకానికి పోతాయని మిజోల పాత నమ్మకం. అందుకే ‘మిజోరంలో అన్నిటికంటే పెద్ద చెరువు బర్మాలో ఉంది’ అని వీళ్ళు నవ్వుతూ చెప్పుకుంటారు. క్రైస్తవులయ్యాక కూడా ఆ చెరువు మీద మమకారం పోలేదు.

సరిహద్దుకు ఇరువైపులా 16 కిలోమీటర్ల లోపు వాళ్ళు వీసా లేకుండా తిరిగే వెసులుబాటు చాలాకాలం ఉండేది. 2024 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేస్తామని కేంద్రం ప్రకటించింది. ఆ తర్వాత 10 కిలోమీటర్లకు తగ్గించి పాసుల పద్ధతి పెట్టింది. మొత్తం 1,643 కిలోమీటర్ల సరిహద్దుకూ కంచె వేస్తామంటోంది. మిజోరం వాటా 510 కిలోమీటర్లు. కంచె మాట ఎత్తితే వంతెన దగ్గరి టీ కొట్టామె ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె అక్క అవతలి గట్టున ఉంటుంది.

2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైనిక కుట్ర జరిగింది. మార్చిలో మొదట నది దాటినవాళ్ళు పోలీసులు. జనం మీద కాల్చమంటే కాల్చలేక వచ్చేసినవాళ్ళు. తర్వాత కుటుంబాలు, తర్వాత ఊళ్ళకు ఊళ్ళు. రానీయవద్దని, వచ్చినవాళ్ళను వెనక్కి పంపమని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి జోరంథంగా, వాళ్ళు మా రక్తబంధువులు, అలా చేయలేమని ప్రధానికి తిరిగి రాశారు. 1951 శరణార్థుల ఒడంబడిక మీద భారత్ సంతకం చేయలేదు కాబట్టి చట్టం కళ్ళకు వీళ్ళు శరణార్థులే కారు. మరి తిండి ఎవరు పెట్టాలి? ఆ ఖాళీలోకి చర్చిలు, ఊరి సంఘాలు దిగాయి. రాష్ట్రంలో దాదాపు 30 వేల మంది ఉన్నారు.

పాస్టరు గారు చెప్పిన పద్ధతి వింటుంటే నా జర్నలిస్టు బుద్ధి కాస్త సిగ్గుపడింది. నేను దయ, కరుణ అన్న మాటల కోసం చూస్తుంటే ఆయన రిజిస్టర్ల గురించి చెబుతున్నారు. యంగ్ మిజో అసోసియేషన్ అని 1935లో పుట్టిన సంస్థకు ప్రతి ఊళ్ళో శాఖ ఉంది. ఊళ్ళో ఎవరైనా చనిపోతే గొయ్యి తవ్వడం, శవపేటిక చేయడం, రాత్రంతా ఆ ఇంట్లో కూర్చుని పాడటం దాని బాధ్యత. ఎవరి వంతు ఏ రోజో ముందే పట్టీ ఉంటుంది. జనం వచ్చిపడ్డ రాత్రి కొత్తగా కమిటీ వేయలేదు, ఆ పట్టీనే బయటికి తీశారు. గొయ్యి తవ్వే జట్టు వెదురు నరికింది. పిడికెడు బియ్యం పోగుచేసే ఆడవాళ్ళు ఈసారి అమ్మకుండా నేరుగా వంటకు పంపారు. ప్రెస్బిటేరియన్, బాప్టిస్టు, సాల్వేషన్ ఆర్మీ అన్న తేడాలు ఈ సంఘం గుమ్మం దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే అందరూ ఇందులో సభ్యులే. 2023 నవంబరు 12, 13 తేదీల్లో అవతలి గట్టున సైనిక స్థావరాల మీద తిరుగుబాటుదళాలు దాడి చేసినప్పుడు ఒక్కరోజులోనే దాదాపు 5 వేల మంది ఈ చిన్న ఊళ్ళోకి వచ్చారు. వారితో పాటు ఓడిపోయిన బర్మా సైనికులు కూడా వచ్చి మిజోరం పోలీసులకు లొంగిపోయారు. వాళ్ళకూ అన్నం పెట్టే పంపించారట.

ఊరి బయట కొండవాలు మీద శిబిరం. వెదురు తడికలు, నీలం టార్పాలిన్లు, ఇప్పుడు కొన్నిటికి రేకులు. నాలుగేళ్ళు దాటితే తాత్కాలికం అన్న మాటకు అర్థం ఉండదు. ముంగిట్లో బంతిపూలు వేశారు, కోళ్ళున్నాయి, ఒక గుడిసె మంగలి కొట్టు. కమిటీ పెద్దగా ఉన్నాయన అటువైపు బడిపంతులు. ఆయన నడిచి చూపించిన వాటిలో నాకు బాగా గుర్తున్నది ఒక గుట్ట. అంతా బట్టలే. దేశం నలుమూలల నుంచీ మంచి మనసుతో వచ్చిన బట్టలు. చీరలు, షేర్వానీలు, కాలేజీ పిల్లల చిరుగుల జీన్సులు, ఒక పెళ్ళికూతురి లెహంగా. కప్పు కింద తడిసి ఎండి మళ్ళీ తడిసి. మాకు చూపించకూడదనే ఆయన అనుకున్నాడు, బాబాయే ఆగి అడిగాడు. “వద్దని చెప్పలేం కదా అయ్యా, ప్రేమతో పంపారు” అన్నాడు పంతులు. పాస్టరు గారు అనువదిస్తూ తనదొక మాట కలిపారు: “లారీ కిరాయితో నెలకు సరిపడా పప్పు వచ్చేది.”

పంతులుది థంట్లాంగ్ వైపు. 2021 సెప్టెంబరు 18న అక్కడ సైన్యం షెల్లింగుకు ఇళ్ళు అంటుకుంటే మంటలార్పడానికి పరుగెత్తిన యువ బాప్టిస్టు పాస్టరు చుంగ్ బియాక్ హుమ్‌ను కాల్చి చంపారు. ఊరంతా ఖాళీ అయింది. తర్వాతి నెలలో నూట అరవైకి పైగా ఇళ్ళు తగలబడ్డాయి. పంతులు ఇల్లు అందులో ఒకటి. ఇవి చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారలేదు. పిల్లల పరీక్షల గురించి చెప్పేటప్పుడు మారింది. మిజోరం ప్రభుత్వం 2021లోనే వీళ్ళ పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్చుకోమని ఆదేశించింది. చదువుతున్నారు, బాగా చదువుతున్నారు. ఆ తర్వాత? కాలేజీకి కాగితాలు కావాలి, ఉద్యోగానికి కాగితాలు కావాలి. ఈ మధ్య ప్రభుత్వం వేలిముద్రలు, ఫోటోలు తీసుకుంటోంది. దాని వల్ల గుర్తింపు వస్తుందో, వెనక్కి పంపే జాబితా తయారవుతుందో ఎవరి అనుమానం వాళ్ళది.

సాయంత్రం మళ్ళీ వంతెన దగ్గర కాసేపు నిలబడ్డాం. మాకు దాటే అనుమతి లేదు, అడగనూ లేదు. బాబాయి వాళ్ళ మేనత్త కుటుంబం రంగూన్ నుంచి వచ్చినవాళ్ళే. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువాళ్ళు ఎన్ని వేలో. 1942లో జపాను బాంబులకు భయపడి కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చినవాళ్ళున్నారు. 1960లలో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలు లాక్కుంటే ఓడల్లో తిరిగొచ్చినవాళ్ళున్నారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఊరికే రాలేదు. ఆ మేనత్త చనిపోయేదాకా చిన్న పిల్లలకు బర్మా లెక్క నేర్పేదట, తిత్, నిత్, థోన్ అని. బాబాయి ఆ మూడూ గట్టిగా అన్నాడు. పక్కన రాళ్ళు విసురుతున్న పిల్లలు లే, ఙా అని అందుకున్నారు.

ఆదివారం – జొఖౌతర్

రాత్రి ఊళ్ళోనే ఉండిపోయాం, ఆదివారం మిజోరంలో వాహనాలు దొరకవు కాబట్టి. కొట్లు కూడా తెరవరు. పొద్దున చర్చికి, మధ్యాహ్నం చర్చికి, రాత్రి చర్చికి. నా లాంటి వాడికి ఇది కాస్త ఎక్కువ మోతాదే.

శరణార్థుల్లో ఎక్కువమంది బాప్టిస్టులు, ఇక్కడి ఊరి చర్చి ప్రెస్బిటేరియన్. బాప్తిస్మం ఎప్పుడివ్వాలి, ఎంత నీళ్ళలో ఇవ్వాలి అన్న దగ్గర ఇద్దరికీ పొసగదు. మా వైపు ఈ ఒక్క సంగతి మీద ఊళ్ళు చీలిన ఉదంతాలు నేను ఎరుగుదును. ఇక్కడ వీళ్ళ ఆరాధన అయ్యాక వాళ్ళకు హాలు ఇస్తారు. డ్రమ్ములు మాత్రం ఒకటే. ఖువాంగ్ అంటారు, తోలు మద్దెల. దాని దెబ్బకు పాట నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. వేల్స్ నుంచి వచ్చిన కీర్తనల మీద కొండ రాగాలు ఎక్కించుకున్నారు. పాట ముదిరిన కొద్దీ ఆడవాళ్ళు మధ్యలోకి వచ్చి వలయంగా అడుగులేస్తారు. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు మొదట. మూడో చరణానికి చప్పట్లు. ఐదో చరణానికి ఎవరో ముసలావిడ చెయ్యి పట్టి లాగితే వలయంలో ఉన్నాడు. ఆ వీడియో నా దగ్గరుంది, ఊళ్ళో ఎవరికీ చూపించనని మాటిచ్చాను.

ప్రసంగం నాకు అర్థం కాలేదు. అర్థమైంది తర్వాత జరిగిన ప్రకటనలే, పాస్టరు గారు చెవిలో చెప్పారు కాబట్టి. ఒక ఇంట్లో బాలింత, ఆ వారం కట్టెలు ఎవరు వేయాలి. ఒక శిబిరం కుర్రాడు కూలి డబ్బు ఎగ్గొట్టాడని ఊరివాళ్ళ ఫిర్యాదు, దాన్ని విచారించేందుకు ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. పిడికెడు బియ్యం ఈ వారం ఎంత వచ్చింది. శిబిరం ఇళ్ళ నుంచి కూడా వచ్చింది! దానంగా అందుకున్న బియ్యంలోంచే ఆ ఆడవాళ్ళూ పిడికెడు తీసి పెడుతున్నారు. వద్దని ఊరి స్త్రీలు చెప్పి చూశారట. ఒప్పుకోలేదట. చేతులు చాచే వరసలో మాత్రమే ఉండటం వాళ్ళకు ఇష్టం లేదని నాకు తోచింది. ఇస్తేనే సభ్యులు. లేకపోతే జాబితాలో పేర్లు.

సోమవారం – చంఫాయ్

తిరిగి చంఫాయ్ చేరాక పాస్టరు గారి వసారాలో కూర్చుని, నన్ను వేధిస్తున్న ప్రశ్న అడిగేశాను. బర్మా నుంచి వచ్చినవాళ్ళు మీ రక్తం, మీ మతం. 2023లో మణిపూర్ నుంచి పారిపోయి వచ్చిన కుకీలూ మీ వాళ్ళే. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన బోమ్‌లూ అంతే. మరి 1997లో మిజోరం నుంచి వెళ్ళగొట్టబడి త్రిపుర శిబిరాల్లో ఇరవై ఏళ్ళకు పైగా మగ్గిన, వేరే తెగ అయిన బ్రూల సంగతేమిటి? 2020 జనవరి ఒప్పందంతో వాళ్ళు త్రిపురలోనే స్థిరపడవలసి వచ్చింది కదా?

బాబాయి నన్ను కళ్ళతో వారించాడు. పాస్టరు గారు మాత్రం నొచ్చుకోలేదు.

“అడగవలసిందే బాబూ. అది మా అప్పు. దాని గురించి మా ప్రసంగాల్లో వినపడదు” అన్నారు. ఆగి, “అంతెందుకు, 2003లో ఒక అత్యాచారం కేసు తర్వాత ఇదే చిన్ జనాన్ని మా సంఘాలే ఊళ్ళ నుంచి తరిమేశాయి. వేలమందిని. ఇప్పుడు అన్నం పెడుతున్నవాళ్ళలో అప్పుడు తరిమినవాళ్ళూ ఉన్నారు” అన్నారు.

తర్వాత 1966 గురించి చెప్పారు. 1959లో వెదురు పూసి, ఎలుకలు పెరిగి, కరువొచ్చి, ఆ కోపంలోంచి తిరుగుబాటు పుట్టింది. 1966 మార్చి 5న ఐజ్వాల్ మీద మన వైమానిక దళమే బాంబులు వేసింది. మరుసటి ఏడాది నుంచి ఊళ్ళను తగలబెట్టి జనాన్ని రోడ్ల పక్కన కొత్త ఊళ్ళలో కూరారు. చిన్నపిల్లాడిగా ఉన్న పాస్టరు గారిని వాళ్ళమ్మ వీపున కట్టుకుని తియావు దాటింది, అటు వైపుకి. ఫాలం దగ్గరి ఒక పల్లెలో రెండు పంటలు తిని వచ్చారు. “ఏ ఇంట్లో ఉన్నామో అమ్మ చెప్పేది. ఆ ఊరివాళ్ళు 2021లో వచ్చారు. నేను క్రైస్తవ ప్రేమ అని ప్రసంగిస్తాను కానీ, లోపల ఉన్నది పాత బాకీ.”

మతం లేకపోతే ఇదంతా జరిగేది కాదని బాబాయి అంటాడు. రక్తబంధం లేకపోతే జరిగేది కాదని నేనంటాను. దారంతా వాదించుకున్నాం. నాకు ఇప్పటికి తోస్తున్నది ఏమంటే, బంధుత్వం తలుపు తీసింది, నాలుగేళ్ళపాటు మూసుకోకుండా ఆపింది మాత్రం ఆ రిజిస్టర్లు, పట్టీలు, వారం వారం ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళు. ప్రేమ అలిసిపోతుంది, వంతులు అలిసిపోవు. బ్రూల విషయంలో ఆ వంతుల పట్టీ ఎందుకు బయటికి రాలేదన్న ప్రశ్న అలాగే ఉంది, దాన్ని బాబాయి వాదన గానీ నా వాదన గానీ తీర్చదు.

సాయంత్రం ఇక్కడి ద్రాక్షతో చేసే జౌలైదీ వైన్ రుచి చూడాలని నాకుండింది. ఇద్దరు పాస్టర్ల మధ్య కూర్చుని ఆ కోరిక చెప్పే ధైర్యం చాల్లేదు.

అసలు పని మాటకొస్తే, పాస్టరు గారు ఇచ్చిన జాబితాలో బట్టలు లేవు, దుప్పట్లు లేవు, బైబిళ్ళు కూడా లేవు. ఉన్నవి: పదో తరగతి రాయబోయే పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడానికి ఇద్దరు టీచర్ల జీతం. శిబిరం పంతులు లాంటి అర్హత ఉండీ ఖాళీగా ఉన్నవాళ్ళే ఆ టీచర్లు. ఒక సోలార్ దీపం. బాలింతలకు ఐరన్ మాత్రలు. ఇంకొకటి కూడా అడిగారు. మా స్త్రీల సమాజం నుంచి ఇద్దరు వచ్చి పదిరోజులు ఇక్కడి ఆడవాళ్ళతో ఉండాలి. వచ్చే ఏడు ఇక్కడి నుంచి ఇద్దరు మా ఊరికి వస్తారు. “డబ్బు ఒకవైపే పోతే అది పాత మిషనరీ లెక్కే అవుతుంది. మనుషులు రెండువైపులా తిరగాలి” అన్నారు.

బాబాయి వెంటనే మా సమాజం కోశాధికారి అమ్మగారికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. ఆవిడ మొత్తం విని, ముందు ఒకే ప్రశ్న వేసింది.

“మనం పంపిన డబ్బుకు రసీదు ఇస్తారా అయ్యగారూ?”

“వీళ్ళు పిడికెడు బియ్యానికీ లెక్క రాస్తారమ్మా.”

“అయితే పంపుదాం. మరి రావడానికి నేనూ, మా తోడికోడలూ. పందిమాంసం తప్ప ఏం దొరుకుతుందక్కడ?”

“గోంగూర” అన్నాడు బాబాయి.